మామ నొక్కిన దూది కోట్లు

మా మామ చేతిలో పడిన ఏ వస్తువూ దాని అసలు సైజులో మిగిలేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన సూర్యాపేటలో పత్తి మిల్లులో బేళ్లు కట్టేవాడు. గది నిండా పోసిన దూదిని తొక్కి, నొక్కి, తాళ్లు బిగించి గుమ్మంలోంచి పట్టేంత మూట చేయడం ఆయన విద్య. మిల్లు మూతబడ్డాక ఆ విద్యనంతా ఇంటి మీద చూపించాడు. నేను కాపురానికి వచ్చినప్పుడు మా అమ్మ ఎడ్లబండి నిండా సామాను పంపింది. మామ దాన్నంతా ఒక్క మూలకు సర్దేసి, ఇంతేనా అన్నట్టు నిలబడి చూశాడు. నాకు ఆ రోజే ఒళ్లు మండింది.

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ. కానీ ఆ రోజుల్లో కోడలు మామ ముందు నోరు విప్పేది కాదు. అందుకని నా కోపమంతా గిన్నెల మీద పడేది. మా ఇంట్లో సొట్ట లేని గిన్నె ఒక్కటి చూపించమని మా ఆయన నవ్వేవాడు. ఆయన దర్జీ. పెద్ద రోడ్డు మీద మాకో చిన్న కుట్టు దుకాణం ఉండేది. ఆయన మిషను తొక్కేవాడు, కాజాలూ గుండీలూ చేతికుట్లూ నావి.

ఇంట్లో ఇంకో మనిషి నా తమ్ముడు. నాకంటే పదేళ్లు చిన్న. అమ్మ పోయాక వాణ్ని నా దగ్గరికే తెచ్చుకున్నాను. చలి మొదలైతే చాలు, వాడి రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యేవి. వాణ్ని ఒళ్లో బోర్లా వేసుకుని, వీపుకు చెవి ఆనించి వినేదాన్ని. కూత సన్నగా ఉంటే వాము కాచి పట్టడం, గట్టిగా ఉంటే దవాఖానకు ఉరకడం. ఒక చలికాలం డాక్టరు కూడా చేతులెత్తేశాడు. ఎలా బతికాడో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. పెద్దవాడయ్యాక ఆ జబ్బు తగ్గిందన్నారు. నేను మాత్రం ఏనాడూ నమ్మలేదు.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు వాడు వాడపల్లిలో సర్కారు సర్వే కొలతల పార్టీలో చేరాడు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట వాళ్లు నదిని కొలిచేవారు. వీడు కొలత గొలుసు పట్టుకునేవాడు. ఎండలో పని, నాకేం బెంగ లేదు. అలాంటిది కార్తీకం మొదట్లో ఒకరోజు ఇంటికొచ్చి, మంచు కొండల మీదికి కొలతకు పోతున్నానని చల్లగా చెప్పాడు. చలికాలంలో అక్కడ గాలి తేటగా ఉంటుందట, దూరపు శిఖరాలు కనబడతాయట, అప్పుడే ఎక్కి కొలవాలట. పెద్దసారు పన్నెండు మందిని ఏరుకున్నాడు, అందులో వీడొకడు.

నేను అరిచిన అరుపులకు దుకాణం ముందు నలుగురు గుమిగూడారు. వాడు తల వంచుకుని అంతా విని, చివరికి ఒక్క మాటన్నాడు.

“అక్కా, పోకుంటె గీ కొలువు గీడనే ఖతమైతది. పోయొస్తె పర్మినెంటు జేస్తరట. నా కాళ్ల మీద నేను నిలబడొద్దా?”

ఇంకేం అంటాను? పైగా వాడు అక్కడ సారుతో మా గురించి గొప్పలు కూడా చెప్పి వచ్చాడు. సర్కారు కోట్లు ఎప్పుడొస్తాయో తెలియదని సారు అంటే, మా బావ దర్జీ, దూది కోట్లు కుట్టిస్తానని మాటిచ్చాడట. మంచు అంటే ఎలా ఉంటుందో మా ఇంటిల్లిపాదిలో ఎవరికీ తెలియదు. సూర్యాపేటలో చలంటే మార్గశిరంలో తెల్లవారుజామున ఒక గంట సేపు కప్పుకునే దుప్పటి. ఆ దుప్పటి జ్ఞానంతో పన్నెండు మంది ప్రాణాలకు కోట్లు కుట్టాలి. అందులో ఒక ప్రాణం నా తమ్ముడిది.

దూది ఏకే తాత మా వాకిట్లోనే విల్లు పెట్టుకుని నాలుగు రోజులు దూది ఏకాడు. ఆ నారి మోగుతుంటే మా వీధంతా నురగలా దూది లేచేది. ముతక గుడ్డ రెండు పొరల మధ్య ఆ దూది పరిచి, అది కిందికి జారకుండా నేను అడ్డంగా, నిలువుగా కుట్లు వేసేదాన్ని. మొదట మచ్చుకు ఒకటి కుట్టాం. దాన్ని పరీక్ష చేయకుండా నేను ఒప్పుకోలేదు. పొద్దున ఇత్తడి చెంబులో మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, ఆ కోటులో చుట్టి మూల పెట్టాను. మధ్యాహ్నం అన్నాలు వడ్డించేటప్పుడు విప్పితే నీళ్లు ఇంకా చురుక్కుమన్నాయి. అప్పుడు గాని నా మనసు కుదుటపడలేదు. ఆ మచ్చు కోటును మా ఆయన దుకాణంలో కొక్కానికి తగిలించాడు, వచ్చేపోయేవాళ్లు చూడాలని. ఆ తర్వాత నెలంతా కూర్చుని పన్నెండు కోట్లూ కుట్టాం.

కుట్టడం మా పని. కట్టడం మామ పని. ఇంట్లో అది ఎవరూ చెప్పుకోకుండానే ఉన్న ఏర్పాటు. కోట్లు తయారైనవి తయారైనట్టు ఆయన తన గదిలోకి తీసుకుపోయాడు. నాకు చివరి చేతికుట్లతో తల ఎత్తే తీరిక లేదు. ఎనిమిది రోజుల తర్వాత ఆయన వాకిట్లోకి తెచ్చిన మూట చూసి నేను కూడా నోరు తెరిచాను. పన్నెండు కోట్లు ఒక వడ్ల బస్తా అంత లేవు. ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన విసుర్రాయి, దాని మీద రుబ్బురోలు పెట్టి నొక్కి, గోనెలో పెట్టి దబ్బనంతో కుట్టి, తాడు బిగించాడు. వేలితో కొడితే చెక్కలా టక్‌మంది. బస్సు టాపు మీద ఎంత చోటు కలిసొచ్చిందో చూడమని ఆయన బజారులో కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. మూట కోదాడకు పోయింది. పార్టీ సామాన్లు చూసుకునే గుమస్తా అక్కడి ముసాఫిర్‌ఖానా సత్రంలో ఉండేవాడు.

మర్నాడు పొద్దున దూది ఏకే తాత మిగిలిన దూది ఇచ్చిపోదామని వచ్చాడు. కోట్లేవని అడిగితే మామ మూట సైజు చేతులతో చూపించాడు. తాత మళ్లీ అడిగాడు. మామ మళ్లీ అంతే చూపించి, రుబ్బురోలు సంగతి కూడా చెప్పాడు. తాత గడప మీద కూలబడ్డాడు.

“నేను నాలుగు దినాలు కూసొని గాలి నింపిచ్చినమ్మా,” అన్నాడు, మామ వైపు కాదు, నా వైపు చూసి. “దూది ఎచ్చగుండదు. దాంట్ల గాలే ఎచ్చగుంటది. మీ మామ అంతా పిండిండు.”

నేను మామ గదిలోకి ఉరికాను. కొలత తప్పి మిగిలిన ఒక కోటు చెయ్యి ముక్క కూడా కోట్లతో పాటు ఆ రాళ్ల కింద ఉండింది. తెచ్చి చూస్తే జొన్నరొట్టెలా ఉంది. చెంబులో వేడినీళ్లు పోసి దాన్ని చుట్టాను. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు నీళ్లు చల్లారిపోయాయి.

నేను మామను ఏమీ అనలేదు. అనకూడదు. కానీ ఆ చెంబును తీసి ఆయన ముందు అరుగు మీద పెట్టిన తీరుకు దానికి ఇంకో సొట్ట పడింది. పార్టీ మర్నాడు తెల్లవారుతూనే మిర్యాలగూడ నుంచి లారీలో బయలుదేరుతుంది. మా ఆయన ఒక పెళ్లివారి బట్టలు మిషను మీద పెట్టుకుని కదలలేని స్థితి. జీవితంలో మొదటిసారి తండ్రి మీద గొంతు పెంచాడు.

“నువ్వే గట్టినవ్ గద నాయినా. నువ్వే పొయ్యి ఇప్పి రా.”

మామ తలపాగా చుట్టుకున్నాడు. నేను కొక్కానికున్న మచ్చు కోటు తీసి చంకన పెట్టుకున్నాను. కోడలూ మామా కలిసి బొగ్గుతో నడిచే బస్సెక్కాం. మామ ముందు సీట్లో, నేను ఆడవాళ్ల దగ్గర. దారంతా ఆయన వెనక్కి తిరిగి తిరిగి ఏదో చెప్పబోయాడు. నేను కిటికీ బయటికి చూశాను. ఆ బస్సు ఎక్కడ పొగ కక్కినా, ఎక్కడ ఆగినా నాకు వాడి పిల్లికూతే వినబడింది.

కోదాడలో గుమస్తా మర్యాదస్తుడు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు.

“మీ మూట పొద్దున్నే లారీలో మిర్యాలగూడ వెళ్లిపోయిందండీ. ఎంత పొందిగ్గా కట్టారండీ! మా సారు చూస్తే ముచ్చటపడతారు.”

మెచ్చుకుంటే మీసం దువ్వుకునే మనిషి మామ. ఆ రోజు నేల చూపులు చూశాడు. నాకు మనసులో ఒక మూల సంతోషం కలగలేదంటే అబద్ధం.

మళ్లీ వడ్ల లారీ పట్టుకున్నాం. డ్రైవరు పక్కన నేను, బస్తాల మీద మామ. ఆ రోజుల్లో రోడ్ల మీద సిపాయిల తనిఖీ ఉండేది. నేరేడుచర్ల దాటాక లారీ ఆపి నా చంకలోది విప్పమన్నారు. దూది కోటు చూసి ఒక సిపాయి పకపకా నవ్వాడు, ఈ ఎండలో ఇదెవరికని సైగ చేశాడు. నేను ఉత్తరం దిక్కు చూపించాను. వాడి నవ్వు ఆగిపోయింది. కోటును రెండు చేతులతో పట్టుకుని, నొక్కి చూసి, బుద్ధిగా మడత పెట్టి ఇచ్చాడు. ఆ కొండల మనిషేమో.

మిర్యాలగూడ చేరేసరికి పొద్దు వాలుతోంది. పార్టీ ఒక రైసు మిల్లు ఆవరణలో దిగింది. ఉడకబెట్టిన వడ్లు గచ్చు కల్లం మీద ఆరబోసి ఉన్నాయి. మా వాడు నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు, ఇంట్లో ఎవరో పోయారనుకుని. సంగతి చెబితే తల పట్టుకున్నాడు. సారు ముందు లొల్లి చేయొద్దు, పరువు పోతుందని బతిమాలాడు.

“పోనీ. నీ ఊపిరి పోకుంటె సాలు,” అన్నాను.

సారు ఏ ఊరివాడో గాని తెలుగు పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. నేను చెప్పింది ఓపిగ్గా విన్నాడు. కోట్లు చూశానని, గట్టిగా, చక్కగా ఉన్నాయని, తెల్లవారి బయలుదేరకపోతే పొద్దుటి రైలు అందదని చెప్పి లేవబోయాడు. గట్టిగా ఉండటమే రోగమని ఆయనకెలా చెప్పాలి? నేను దారికడ్డంగా నిలబడ్డాను. మిల్లులో వేడినీళ్లకు కొదవా? రెండు చెంబులు అడిగాను. మూట విప్పించి నొక్కిన కోటు ఒకదాంట్లో ఒక చెంబు, నేను తెచ్చిన మచ్చు కోటులో ఇంకో చెంబు చుట్టి ఆయన మేజా మీద పెట్టాను. వంటవాడు పన్నెండు మందికి అన్నం వార్చేదాకా ఆగి, రెండింట్లోనూ వేలు పెట్టి చూడమన్నాను.

ఆయన నవ్వాడు. ఆడమనిషి పట్టుదల చూసి సరదాగా ఉన్నట్టుంది. అయినా కూర్చున్నాడు. అన్నం గంజి వార్చాక మొదటి చెంబులో వేలు పెట్టాడు. రెండో దాంట్లో పెట్టి చటుక్కున తీసేశాడు. మళ్లీ మొదటి దాంట్లో పెట్టాడు. నవ్వు ముఖంలోంచి పోయింది. ఇవి ఇలా ఎలా అయ్యాయని అడిగాడు.

నేను నోరు తెరవబోయాను. అప్పటికి పొద్దుటి నుంచి పళ్ల బిగువున ఆపుకున్నది చాలా ఉంది. నాకంటే ముందే మామ ముందుకొచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. కొలతల పార్టీ అంతా చూస్తోంది, మిల్లు కూలీలు చూస్తున్నారు.

“తప్పు నాదే సారూ. నేను బేళ్లు గట్టేటోన్ని. దూదిని జూస్తె నొక్కుడే తెలుసు నాకు. మా కోడలు మంచిగనే కుట్టింది. రేపు పగటీలి దాక ఉండనియ్యి. ఎండల ఏసి లేపుత. పోరగాడు మా ఇంటోడు.”

పోరగాడు మా ఇంటోడు. పదిహేనేళ్లలో మామ నా తమ్ముణ్ని అలా అనడం అదే మొదటిసారి. తిండి పెట్టాడు, చదువు చెప్పించాడు, కానీ ఆ మాట అనలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. కొంగు అడ్డం పెట్టుకుని మిల్లు గోడ వైపు తిరిగాను.

సారు తర్వాతి రైలుకు పోదామని మధ్యాహ్నం దాకా గడువిచ్చాడు.

మర్నాడు ఎండ రాగానే కల్లం మీద ఒక పక్క వడ్లు, ఒక పక్క పన్నెండు కోట్లు. మా ఎండను నేను జీవితమంతా తిట్టుకున్నాను, ఆ ఒక్క రోజు మొక్కుకున్నాను. మామ సన్న బెత్తంతో ఒక్కో కోటునూ వెనకా ముందూ మెల్లగా కొట్టాడు. ఆయన ఏ వస్తువునైనా అంత మెత్తగా కొట్టడం నేను చూడలేదు. మిల్లు ఆడవాళ్లు కాళ్లతో వడ్లు తిప్పుతూ ఆగి చూసి నవ్వారు. ఒకామె ఇవేం పంటని అడిగింది. మా తమ్ముడి ఊపిరని చెప్పాలనిపించింది గాని, దూదని చెప్పాను. గంటకోసారి ఒక్కో కోటు చేతిలోకి తీసుకుని నొక్కి వదిలేదాన్ని. మొదట అలాగే పడుండేవి. పొద్దెక్కేకొద్దీ చెయ్యి తీయగానే నెమ్మదిగా లేచేవి. మధ్యాహ్నానికి కుట్లకూ కుట్లకూ మధ్య దూది బూరెల్లా పొంగింది. మళ్లీ చెంబు పెట్టి చూశాం. సారు తానే వేలు పెట్టి, అబ్బా అని వెనక్కి తీశాడు. అమ్మయ్య అని నేను కల్లం గట్టు మీద కూర్చుండిపోయాను. ముందురోజు పొద్దుటి నుంచి నేను ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తీరా లారీలో పెట్టబోతే పన్నెండు కోట్లకూ చోటు చాలలేదు. డేరాలు, గొలుసులు, పెట్టెలతో లారీ నిండిపోయింది. ఎవరో తాడు తెచ్చారు. కూలీ ఒకడు కోట్ల మీద మోకాలు పెట్టబోతే మామ వాణ్ని చెయ్యి పట్టి ఇవతలికి లాగాడు.

“తొడుక్కోండ్రి,” అన్నాడు. “మూట గట్టొద్దు. రైలెక్కెదాక ఒంటి మీదనే ఉండాలె.”

సారు ఒక్క క్షణం ఆలోచించి, తొడుక్కోమన్నాడు. మిర్యాలగూడలో మిట్టమధ్యాహ్నం, పన్నెండు మంది దూది కోట్లు వేసుకుని, గుండీలు పెట్టుకుని లారీ మీద నిలబడ్డారు. బజారు బజారంతా వచ్చి చూసింది. వీళ్లకేమైనా చలిజ్వరమా అని ఒకరు, పిచ్చి పట్టిందని ఒకరు. మా వాడి ముఖం మీద చెమట ధారలు కట్టింది. అందరిలో ఎక్కువ సిగ్గుపడుతున్నవాడు వాడే. లారీ కదిలేటప్పుడు మామ పక్కనే పరుగెత్తి, ఎక్కడా మూట కట్టొద్దురా అని ఇంకోసారి అరిచాడు. వాడు తలూపాడు. నేను ఏడవలేదు. చెమట పట్టిన మనిషిని చూసి అంత ధైర్యం నాకు ఎప్పుడూ కలగలేదు.

తర్వాత మూడు నెలల్లో ఒక్కటే కార్డు వచ్చింది. క్షేమమని, మంచు ఉప్పు ఆరబోసిన కల్లంలా ఉంటుందని, కోటు బాగుందని. వాడు చిన్నప్పుడు కూడా పిల్లికూతలు వస్తుంటే బాగుందనే అనేవాడు. కాబట్టి ఆ కార్డును నేను సగమే నమ్మాను. తిరిగి కొక్కానికి తగిలించిన మచ్చు కోటును రోజూ చేత్తో తడిమేదాన్ని. మామ కూడా తడమడం రెండుసార్లు చూశాను.

ఉగాది వెళ్లిన వారానికి, ఎండ నెత్తి మాడ్చేస్తున్న వేళ, మా దుకాణం ముందు బస్సు ఆగింది. బస్సులోంచి దూది కోటు దిగింది. మెడ దాకా గుండీలు పెట్టుకుని, నెత్తి మీద పెట్టెతో, ఎర్రటి ముఖంతో మా తమ్ముడు. రోడ్డు మీద జనం పక్కకు జరిగి దారిచ్చారు, అంటురోగమేమోనని. ఏమైందిరా నీకని అరుస్తూ నేను ఎదురుపోయాను.

“మూట గట్టొద్దన్నరు గద,” అన్నాడు. “ఆడ్నుంచి గిట్లనే వచ్చిన. పదిమంది నవ్విండ్రు. ఇప్పమంటవా ఇగ?”

మామ లేచి వచ్చి తానే గుండీలు విప్పాడు. కోటు రెండు చేతుల మీద తీసుకుని లోపలికి పోయాడు. మడవలేదు, మూల పెట్టలేదు, మచ్చు కోటు పక్కన ఇంకో మేకు కొట్టి తగిలించాడు.

వాడు అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఇరవయ్యేళ్ల మగవాడు, నడిబజారు, జనం చూస్తున్నారు. నేనేం పట్టించుకోలేదు. వెనక కూర్చుని వాడి వీపుకు చెవి ఆనించాను. గుండె కొట్టుకుంటోంది. ఊపిరి వస్తోంది, పోతోంది. ఎంతసేపు విన్నా ఇంకే చప్పుడూ లేదు.